అడిగితే పాడిన పాట

జమున ఎం.ఫిల్. గ్రంథంలో అన్నీ కుదిరాయి, ఒక్క పాట కింద రాయాల్సిన ఆధారం తప్ప. పుస్తకాల పట్టికంటారా, రచయిత, పేరు, ప్రచురణ, సంవత్సరం, చివరికి కామాలు కూడా కళ్లలో వత్తులు వేసుకుని దిద్దింది. ఈ పాట దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆడలేదు.

“పుస్తకానికి అట్ట ఉంటది. పాటకు ఏముంటది? పాడిన మనిషే,” అన్నాడు గైడు పరశురాములు. “వక్త, అంటే పాడినోళ్ల పేరు, ఊరు, తేదీ, ఏ సందర్భంల పాడిందో, నాలుగూ రాయాలె. లేకుంటే ఆ పాట తీసెయ్, బిడ్డా.”

తీసెయ్యడమంటే మాటలా! అది అన్న ప్రకాశ్ రికార్డు చేసిన పాట. ఆయన పరిశోధనలో మిగిలింది ఆ ఒక్కటే. తెలంగాణ ఇస్తామన్న మాట వెనక్కి పోయిన ఆ డిసెంబరులో ప్రాణం తీసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు, చెల్లెలికి కూడా చెప్పలేదు.

పాడింది వాళ్ల తల్లి గోరీ. పెళ్లికూతురు తండా విడిచేటప్పుడు అన్న మెడ పట్టుకుని ఏడ్చే పాట అది. ఏడుపు పాటను ఊరికే పాడకూడదని, పాడితే ఏడుపును ఇంటికి పిలిచినట్టేనని వాళ్ల తండా ఆడవాళ్ల నమ్మకం. ప్రకాశ్ వింటేగా! “జర పాడు యాడీ, నా చదువు కోసం,” అని దీపావళినాడు తల్లి వెంటబడ్డాడు. కొడుకు మొహం చూసి, కాదనలేక పాడింది. ఆ డిసెంబరులోనే ఇంట్లో నిజం ఏడుపు మోగింది.

సకల జనుల సమ్మెతో బస్సులు బందు. జమున గూడూరు దాకా ఆటోలో వచ్చి, అక్కణ్నుంచి తండాకు నడిచింది. గోరీ వాకిట్లో మక్క కంకులు ఒలుస్తోంది.

“యాడీ, పాట కింద నీ పేరు రాస్త.”

“నా పేరొద్దు. ఒద్దంటె ఒద్దు.” గోరీ తల ఎత్తలేదు. “నేనే పాడిన, నేనే కొడుకును మింగిన. గది అచ్చేస్తవా?”

రెండేళ్లుగా ఈ తల్లి ఒళ్లో ఇంత నిప్పు పెట్టుకుని కూర్చుందా! మనిషి పక్కనే ఉండి ఒక్కరికైనా తెలియలేదే!

జమున సంచిలోంచి కాగితం తీసి తల్లి పక్కన కూర్చుంది. “ఏం రాసిననో విను. వక్త, గోరీ. సేకరణ, ప్రకాశ్. సందర్భం, ఏమీ లేదు. కొడుకు అడిగితే పాడింది.”

గోరీ చేతిలో కంకి ఆగింది.

“గిట్లనే రాయాలె యాడీ. పెండ్లిల పాడితే పెండ్లి అని, సావుల పాడితే సావు అని. నువ్వు సావుకు పాడలే. అన్న అడిగిండు, పాడినవ్. గంతే.”

“ఇంకోసారి చదువు.”

చదివింది.

“కొడుకు అడిగితే,” అని గోరీ తనలో తాను రెండుమూడుసార్లు అనుకుంది. ఒళ్లో పొట్టు దులుపుకుంది. “సరే. పెట్టు నా పేరు.”

మళ్లీ మనసు మారుతుందేమోనని జమున అక్కడికక్కడే ఊరు, తేదీ కూడా రాసేసింది. అప్పుడు గోరీ అడిగింది.

“బిడ్డా, మరి వాణ్ని తెచ్చి గీ వాకిట్లనే పండవెట్టిన నాడు వాడు అడగలే. అయినా పాడిన. గొంతు పోయేదాంక పాడిన. గా పాట ఎవలు రాసుకున్నరు?”

ఆ రోజు తల్లి పక్కనే ఉంది జమున. ఆ పాటలో ఒక్క మాటైనా గుర్తు లేదు.

“ఎవలూ రాసుకోలే యాడీ,” అంది. కాగితం పక్కన పడేసి తల్లి మెడ పట్టుకుంది.