యెహెజ్కేలు పెండ్లాం

ఎస్తేరమ్మకు కడుపులో గడ్డ ఉంది. గురువారం ఆపరేషన్ చేస్తామని, మొగుడు వచ్చి దస్కతు పెట్టాలని వనపర్తి దవాఖానలో చెప్పారు. ఆ తారీఖు ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మొదటిసారి అలంపూర్‌లో ఎవరిదో గృహప్రవేశం, రెండోసారి ఇంకెవరి మనవడికో పేరు పెట్టడం. ఆమె మొగుడు దేవరాజు ఆత్మకూరు చర్చి సంఘానికి అయ్యగారు, అంటే పాస్టరు మరి! ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా ఆయనే వచ్చి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించాలి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా?

ఈసారి బల్మూర్‌లో సువార్త కూటాలు. బుధవారం పోతే శుక్రవారం గానీ రాడు.

"దేవుని పని గదనే. వచ్చే నెల పోదాం తియ్" అన్నాడు శనివారం, అన్నం కలుపుకుంటూ. ఎస్తేరమ్మ కూర గిన్నె ఆయన ముందుకు జరిపింది. పద్దెనిమిదేళ్లుగా చెప్పీ చెప్పీ ఆమెకు విసుగొచ్చింది. ఇప్పుడు విసుక్కునే ఓపిక కూడా లేదు.

ఆదివారం చర్చిలో ఆయన బైబిల్లోని ప్రవక్తల సంసారాల మీద ప్రసంగించాడు. హోషేయను పెండ్లాం ఎంత ఏడిపించిందో చెప్పాడు. యిర్మీయాను దేవుడు అసలు పెళ్లే చేసుకోవద్దన్నాడని చెప్పాడు. యెహెజ్కేలు దగ్గరికొచ్చేసరికి గొంతు పెంచాడు.

"పొద్దుగూకాల పెండ్లాం సచ్చిపోయింది. తెల్లారంగనే ఆయన దేవుని పనికి లేశిండు. కంట్ల నీటిచుక్క లేదు! గదీ సేవ అంటే!"

జనం ఆమెన్ అన్నారు. ముందు చాప మీద కూర్చున్న ఎస్తేరమ్మకు ఒళ్లు మండింది.

తర్వాత ప్రార్థన మనవులు. ఆ సంఘంలో ఒక కట్టుబాటుంది. ఎవరు లేచి ఏ మనవి చెప్పినా, అందరూ మోకరించాలి, అయ్యగారు ఆ మనిషిని పేరుపెట్టి ఆ మనవినే పైకి ప్రార్థించాలి. కాదనడానికి లేదు. కిష్టమ్మ తన బర్రె సుఖంగా ఈనాలంది. ఆయన దానికీ ప్రార్థించాడు.

ఎస్తేరమ్మ గోడ పట్టుకుని లేచింది. అయ్యగారి ఇల్లాలు, సంఘానికి అమ్మగారు, తానే మనవి చెప్పడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"అయ్యగారూ, యెహెజ్కేలు పెండ్లాం ఏం రోగంతోని సచ్చిందో రాయలే. ఆమె పేరు సుత రాయలే. నా రోగమేందో మీకెరుకే. గురువారం మీరు బల్మూర్ పోకుంట నాతోని దవాఖానకు వచ్చేటట్టు ప్రార్థన చెయ్యండ్రి. నాకు సచ్చిపోవాలని లేదు."

"అయ్యో తల్లీ!" అంటూ కిష్టమ్మ ముందుగా మోకరించింది. ఆమె వెనకే అందరూ మోకరించారు.

దేవరాజు ఒక్కడే నిలబడ్డాడు. అందరూ కళ్లు మూసుకుని ఆయన గొంతు కోసం ఎదురుచూస్తున్నారు. ఆఖరికి ఆయనా మోకాళ్లూనాడు.

"ప్రభువా... ఎస్తేరు..." అన్నాడు. ఇంట్లో "ఏమే" తప్ప ఆ పేరు ఆయన నోట ఎన్నడూ రాలేదు. "గురువారం నేను... దవాఖానకు..." ఆపైన ఏడుపే.

అందరూ ఆమెన్ అన్నారు. ఎస్తేరమ్మ అనలేదు. ఆయన కన్నీళ్లు చూసి జాలేసిన మాట నిజమే. కానీ గురువారం ఆయన తనతో వనపర్తి బస్సెక్కాక ఆమెన్ అందాంలే అనుకుని, చాప మీద కూలబడింది.