చుక్క కనిపిస్తేనే నొక్కాలి

డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలు పెట్టే ఆ అధికారికి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది కానీ, ఊరంతా ఆయన్ను ఫెయిలయ్య అనేది. ఎదురుగా కాదు, వీపు వెనక. ఆయన చేతిలో ఒక్క దెబ్బకి పాసైనవాడు పూర్వజన్మలో గట్టి పుణ్యమే చేసుకుని ఉండాలి. అద్దంలోకి చూడలేదని ఒకణ్ణి, అస్తమానం అద్దంలోకే చూస్తున్నాడని ఇంకొకణ్ణి తిప్పి పంపేవాడు. "రోడ్డెక్కితే నాలుగు కళ్లుండాలయ్యా! రెండు నీవి, రెండు నావి" అనేవాడు.

ఆయన భార్య ఇంటి ముందుగదిలో బట్టలు కుడుతుంది. మూటలు తెచ్చుకోవడానికి, ఇచ్చి రావడానికి ఒక చిన్న పాత కారు కొనుక్కుంది. కారైతే వచ్చింది కానీ లైసెన్సు రాలేదు. ఊళ్లో పరీక్ష పెట్టేవాడు ఒక్కడే, ఆ ఒక్కడూ మొగుడే. మొదటిసారి క్లచ్ వదలడంలో తొందర ఉందని, రెండోసారి మలుపు తిప్పడంలో బద్ధకం ఉందని ఆమెను ఫెయిల్ చేశాడు. "నా దగ్గర బంధుప్రీతి చెల్లదు" అని ఆఫీసులో మీసం దువ్వి, ఇంటికొచ్చి ఆమె వడ్డించింది కిక్కురుమనకుండా తిన్నాడు.

సూదిలో దారం ఎక్కడం లేదని ఆమె ఒకరోజు కంటి ఆసుపత్రికి బయల్దేరింది. చూపు సంగతి తనకన్నా తెలిసినవాడెవడన్నట్టు ఆయనా వెంట వెళ్లాడు. ఆమెకి దగ్గరి చూపు అద్దాలతో సరిపోయింది. డాక్టరమ్మ ఆయన వైపు తిరిగి, "నలభై ఎప్పుడో దాటేశారుగా, మీరూ ఓసారి చూపించుకోండి" అంది. ఆయన దర్జాగా కూర్చుని గోడమీది అట్టలో చివరి లైను చదివాడు. అక్కడితో ఆగకుండా, దాని కింద చీమతలంత అక్షరాల్లో ఉన్న ప్రింటింగు ప్రెస్సు పేరు కూడా చదివేశాడు.

డాక్టరమ్మ మెచ్చుకోలేదు. కంట్లో ప్రెషర్ కొలిచింది. మందుచుక్కలు వేసి, వెలుగు పెట్టి, లోపలికి చాలాసేపు చూసింది.

"ప్రెషర్ ఎక్కువగా ఉందండీ. వెనకున్న నరం కూడా గుంటపడినట్టుంది. గ్లాకోమా అని అనుమానం. నీటికాసులంటారే, అది."

"చివరి లైను చదివినవాడి మీద అనుమానమా?"

"ఈ జబ్బు ఎదుటి చూపుని చిట్టచివరిదాకా ముట్టుకోదు. దొంగలా పక్కల్నుంచి తినుకుంటూ వస్తుంది. నొప్పుండదు, మసకుండదు."

"నొప్పి లేదు, మసక లేదు. ఇంక జబ్బెక్కడుందమ్మా?"

"పరీక్ష చేస్తే తెలుస్తుంది."

పరీక్ష అన్న మాట వినగానే ఆయన నిటారుగా కూర్చున్నాడు. ఎన్నో ఏళ్లుగా ఆయన పరీక్ష పెట్టడమే తప్ప, ఎవరికీ ఇచ్చింది లేదు.

చీకటి గదిలో ఒక తెల్లటి గిన్నెలాంటి యంత్రం ముందు ఆయన గడ్డం ఆనించారు. ఒక కన్ను మూసి, చేతికి మీట ఇచ్చారు. పరీక్ష చేసే అమ్మాయి, "మధ్యలో ఉన్న పసుప్పచ్చ దీపాన్నే చూస్తూ ఉండండి సార్. పక్కల్లో ఎక్కడైనా చిన్న వెలుగు చుక్క కనిపిస్తే మీట నొక్కండి. కనిపిస్తేనే నొక్కాలి. అన్ని చుక్కలూ ఎవరికీ కనిపించవు, కంగారు పడకండి" అంది.

ఆ ఆఖరి మాట మామూలు జనానికి చెప్పిందనుకున్నాడాయన. మొదట బాగానే సాగింది. తర్వాత కాసేపు చుక్క రాలేదు. ఇంకాసేపు రాలేదు. ఫెయిలయ్యకి ముచ్చెమటలు పోశాయి. ఖాళీ వదిలితే మార్కులు పోతాయి కదా! చుక్క వచ్చినా రాకపోయినా, భార్య కుట్టుమిషను తొక్కినట్టు టకటకా నొక్కుకుంటూ పోయాడు. రెండో కంటికీ అదే వరస.

రిపోర్టు చూసి డాక్టరమ్మ నిట్టూర్చింది. "దీని ప్రకారం మనుషులకుండే చూపుకన్నా మీకు ఎక్కువుంది."

"నేను ముందే చెప్పాను!"

"సంతోషించకండి. ఈ యంత్రం మధ్యమధ్యలో చుక్క వెయ్యకుండా ఊరుకుంటుంది. మీరు అప్పుడు కూడా నొక్కారు."

"రాబోయేదాన్ని ముందే పసిగట్టడం డ్రైవరు లక్షణమమ్మా."

తర్వాత కంటి నరాన్ని స్కాన్ తీశారు. దానికి మీట లేదు కాబట్టి ఆయన తెలివితేటలు పనిచెయ్యలేదు. రెండు కళ్ల బొమ్మల్లోనూ పైభాగం ఎర్రగా వచ్చింది.

"పచ్చగా ఉండాల్సిన చోట ఎర్రగా ఉంది చూడండి, అక్కడ నరాల పొర పలచబడింది. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది. అందుకని పైన దెబ్బతింటే కింది చూపు తగ్గుతుంది" అని డాక్టరమ్మ వివరించింది.

"ఫొటో తీసేటప్పుడు రెప్ప పడిందిలే" అన్నాడాయన.

"ఎర్రరంగంటే ఏమిటో మీక్కూడా ఒకరు చెప్పాలా?" అంది భార్య.

రోజూ వేసుకోమన్న మందుచుక్కల సీసా అలమరలో వెనక్కి వెళ్లిపోయింది. ఆఫీసులో మాత్రం, "డాక్టరే అంది, నాది మనుషుల్ని మించిన చూపని" అని చెప్పుకు తిరిగాడు. ఇంట్లో ముక్కాలిపీటని తన్నుకుని, "ఎవరిక్కడ పెట్టింది?" అని అరిచేవాడు. ఆ పీట పెళ్లైన నాటి నుంచీ అక్కడే ఉంది. ఆఖరి మెట్టు మీద కాలు తప్పితే, మేస్త్రీకి కొలతలు రావని తిట్టేవాడు. భార్య ఇవన్నీ చూస్తూనే ఉంది.

ఆమె మూడోసారి పరీక్షకి వెళ్లింది. ఆఫీసు గోడవారన మిగతావాళ్లు తమ వంతు కోసం నిలబడ్డారు. ఆయన ఆమె పక్కసీట్లో కూర్చుని, దండయాత్రకి వెళ్తున్న రాజులా దూరంగా చూస్తున్నాడు. కారు సాఫీగా పోతోంది. ఆఫీసు ఎదుటి మలుపు తిరగ్గానే ఆమె గట్టిగా బ్రేకు వేసింది.

"అకారణంగా బ్రేకు! ఫెయిల్!"

"కుక్కండీ!"

"ఏ కుక్క?"

"కారు ముందే ఉంది. సరిగ్గా చూడండి."

గోడవారన నవ్వులు మొదలయ్యాయి. కుక్క లేదని నలుగురిలో రుజువు చేద్దామని ఆయన విసురుగా దిగి, కారు ముందుకొచ్చి, దూరంగా రోడ్డు వైపు చెయ్యి చూపిస్తూ, "ఏది? ఎక్కడ?" అంటూ సరిగ్గా దాని తోకమీద కాలేశాడు. కుక్క కుయ్యోమంది. ఆయన అంతకన్నా పెద్దగా కుయ్యోమని కారు బానెట్ మీద కూలబడ్డాడు.

"నాలుగు కళ్లు సార్, నాలుగు కళ్లు!" అని ఎవరో అరిచారు.

ఆయన కారెక్కి తలుపు వేసుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నిజంగానే కనపళ్లేదే" అన్నాడు మెల్లగా.

ఆమె దెప్పలేదు. "మీకు నల్లగానో మసగ్గానో కనిపించుంటే నాకింత భయం ఉండేది కాదు. రోడ్డు ఖాళీగా ఉన్నట్టే కనిపించింది మీకు."

"అది పసిపిల్లయితే?"

అకారణంగా బ్రేకు వేశారని తను ఇంటికి పంపినవాళ్ల మొహాలు ఆయనకి వరసగా గుర్తొచ్చాయి. వాళ్లకేం కనిపించిందో ఇప్పుడెవర్ని అడగాలి?

మర్నాడే పై అధికారి దగ్గరకెళ్లి, తనను రోడ్డు పరీక్షల నుంచి తప్పించమన్నాడు. ఆ పై అధికారి గోడమీది అట్ట చదివించాడు. ఫెయిలయ్య చివరి లైనుదాకా చదివేశాడు, చదవకుండా ఉండలేకపోయాడు.

"నిబంధనల ప్రకారం నీ చూపు భేషుగ్గా ఉందయ్యా. పోయి పని చూసుకో."

"కుక్కని తొక్కానండీ."

"కుక్క ఫిర్యాదు చేసిందా?"

ఇక ఆసుపత్రికి వెళ్లక తప్పలేదు. ఈసారి ఆయన పసుప్పచ్చ దీపం మీంచి చూపు తిప్పలేదు. చుక్క కనిపిస్తేనే నొక్కాడు. కనిపించకపోతే వేలు కదపలేదు. ఆ నిశ్శబ్దంలో యంత్రం లోపల మాత్రం ఏదో కదులుతున్న చప్పుడు వినిపించేది. అంటే చుక్కలు వస్తున్నాయి, తనకే కనిపించడం లేదు. ఒక తెల్లటి గిన్నె ముందు మనిషికి అంత ఒంటరితనం ఉంటుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

ఈ రిపోర్టులో రెండు కళ్లకీ కింది సగంలో విల్లులా వంగిన నల్లటి మచ్చ కనిపించింది. స్కాన్ చెప్పిన చోటే. పై అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏమిటిది, మబ్బుల ఫొటోనా?" అన్నాడు కానీ, డాక్టరమ్మ సంతకం చూశాక కాదనలేకపోయాడు. ఫెయిలయ్యకి ఆఫీసులో బల్ల పని దొరికింది. పక్క ఊరినుంచి వచ్చిన కొత్తాయన ఆమెను పాస్ చేస్తూ, బండి ఆపడం మాత్రం ఇంకా నేర్చుకోవాలన్నాడు. భర్త కూడా ఎప్పట్నుంచో అదే అంటున్నాడన్న సంగతి ఆమె బయటపెట్టలేదు.

ఆరునెలలు చుక్కలు తప్పకుండా వేసుకున్నాక మళ్లీ పరీక్షలు చేశారు. డాక్టరమ్మ పాత బొమ్మల పక్కన కొత్తవి పెట్టి చూసింది. "ప్రెషర్ దిగింది. మచ్చ పెరగలేదు. బాగుంది."

"పోయింది తిరిగొస్తుందా?"

"రాదండీ. ఉన్నదాన్ని కాపాడుకోవడమే."

"ఇంతకీ నేను పాసా, ఫెయిలా?" అనడిగాడాయన.

"ఇందులో ఆ రెండూ లేవు. మళ్లీ మళ్లీ వచ్చి రాస్తూ ఉండాలి, అంతే."

మెట్ల దగ్గర భార్య మోచెయ్యి పట్టుకుంటే ఆయన విదిలించుకోలేదు. బొటనవేలితో అంచు వెతుక్కుంటూ దిగాడు. కారెక్కాక ఇంక ఈ మనిషి నోరు కాస్త ఊరుకుంటుందని ఆమె ఆశపడింది. మొదటి మలుపుదాకా ఊరుకున్నాడు.