మూడో పిలుపు

కోర్టు బంట్రోతు గొంతు మూడంతస్తులకూ వినబడుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ గొంతే అతనికి కూడు పెడుతోంది. ఒక్కో పేరూ మూడుసార్లు పిలుస్తాడు. మూడో పిలుపుకీ మనిషి రాకపోతే వారంటే. చట్టం ముందు అందరూ సమానమే మరి, పిలుపు అందుకునేవాళ్లంతా! అసలు పిలిపించుకోని మహానుభావుల సంగతి వేరు.

ఆ ఉదయం మొదటి కేసు బట్టల ఫ్యాక్టరీ యజమానిది. కూలివాళ్లు గుడ్డముక్కలు ఎత్తుకుపోతారని తలుపులకు బయటినుంచి తాళాలు వేయించాడు. మంటలు లేచిన రోజున తొమ్మిదిమంది లోపలే కాలిపోయారు. ఇది జరిగి నాలుగేళ్లు. ఆయన పేరు పిలిచే పని బంట్రోతుకి ఒక్కసారీ పడలేదు.

"మోకాళ్ల నొప్పులండీ, మెట్లెక్కలేరు," అన్నాడు వకీలు.

"పాపం," అన్నారు మేజిస్ట్రేటు. వాయిదా పడింది.

రెండో కేసు బంట్రోతు చెల్లెలిది. ఆ మంటల్లోనే ఓ గుడ్డ తానును కిటికీకి కట్టి కిందికి జారింది. కాలు విరిగినా బతికి బయటపడింది. తాళాల సంగతి సాక్ష్యం చెప్పిందన్న కసితో, ఆ తాను దొంగిలించిందని ఫ్యాక్టరీ కేసు పెట్టింది. దొంగసొత్తుగా సగం కాలిన గుడ్డ బల్లమీదే ఉంది. కోర్టులో తనని అన్నయ్యా అనొద్దని బంట్రోతు ఆమె దగ్గర ముందే మాట తీసుకున్నాడు. సంగతి తెలిస్తే ఉద్యోగానికే ఎసరు.

మొదటి పిలుపు పిలిచాడు. కింద మెట్లమీద చేతికర్ర చప్పుడు వినబడింది. లిఫ్టు వకీళ్లకి మాత్రమే. రెండో పిలుపు ఊపిరి ఉన్నంతసేపూ సాగదీశాడు.

"మూడోది పిలవవయ్యా! నిద్రపోతున్నావా?" విసుక్కున్నారు మేజిస్ట్రేటు.

"ఎవరో మెట్లెక్కుతున్నట్టుందయ్యా..."

"ఆవిడేనా? నీకు తెలుసా?"

నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. పాడుపొట్ట ఎంతపనైనా చేయిస్తుంది.

"తెలీదయ్యా."

మూడోసారి పిలిచాడు. గొంతు కొంచెం కూడా వణకలేదు. దానికి తనే సిగ్గుపడ్డాడు.

మేజిస్ట్రేటు వారంటు మీద సంతకం పెట్టి, లేచి లోపలికి వెళ్లిపోయారు. చెల్లెలు గుమ్మం చేరేసరికి పోలీసు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఒగురుస్తూ బంట్రోతు వైపు చూసింది. ఇచ్చిన మాట తప్పలేదు.

"మొదటి పిలుపు నుంచీ వినబడుతూనే ఉంది బంట్రోతుగారూ. తెలిసిన గొంతు కదా, కాసేపు ఆగుతారులే అనుకుని మెట్లమీద కూర్చున్నా."