లైసిమ్ వెనక్కి తిరిగింది

సినిమాలో లైసిమ్‌ని వెంటాడాల్సిన మనిషి ఆమెకంటే ఎక్కువ భయపడుతున్నాడు. పేరు తాంగ్ పాక్‌హే. టీవీలో పొద్దుటిపూట వచ్చే పిల్లల కార్యక్రమంలో కుందేలు వేషం కట్టి ఏళ్ళ తరబడి గెంతినవాడు. ఇప్పుడు ‘పదకొండో అంతస్తు కిటికీ’ అనే, పెద్దలకు మాత్రమే చూపించే సినిమాలో అతనిది ప్రేమపిచ్చి ముదిరినవాడి వేషం. ఎదురు మేడ మీంచి దుర్భిణీ పెట్టి ఆమె తల రుద్దుకోవడం చూడాలి. ఆరేసిన లోపలి బట్టలు ఎత్తుకుపోవాలి. ట్రాములో వెనక సీట్లో కూర్చుని ఆమె మెడ మీద ఊపిరి వదలాలి. ప్రతి షాటుకూ ముందు వచ్చి, “సిమ్ అక్కా, ఇప్పుడు నీ మెడ దగ్గరికొస్తాను, ఏమనుకోకు,” అని చెప్పేవాడు. షాటయ్యాక మళ్ళీ వచ్చి క్షమాపణ చెప్పుకునేవాడు.

“నువ్విలా దణ్ణాలు పెట్టుకుంటూ వెంటపడితే జనం నీకు పెళ్ళిసంబంధాలు తెస్తారు,” అనేది లైసిమ్.

“మా అమ్మ అదే ఆశలో ఉందక్కా. ప్రేమ సినిమా అని చెప్పాను.”

ఆ ఏడు హాంకాంగ్‌లో అలాంటి సినిమాలు వారానికొకటి వస్తున్నాయి. ఫుంగ్ లైసిమ్‌కి ముప్పై దాటాయి. సీరియళ్ళలో రెండో కోడలిగా, మూడో చెల్లెలిగా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి నిలబడి విసిగిపోయి ఉంది. మొదటిసారి కథంతా తన చుట్టూ తిరిగే వేషం దొరికింది. స్నానం సీను ఉందని తెలిసే ఒప్పుకుంది. ఒళ్ళు నాది, వేషం నాది, మధ్యలో సిగ్గుకేం పని అనుకుంది. ఆ సీను తీసిన రోజున దర్శకుడు మాక్ అందరినీ బయటికి పంపి, కెమెరామన్‌ని మాత్రం ఉంచుకున్నాడు. గీజరు ఇచ్చే ఆవిరి చాలలేదు. కింది హోటలు నుంచి బన్నులు ఉడికించే వెదురు బుట్టలు తెప్పించి తలుపు చాటున పొయ్యి మీద పెట్టారు. ఆమె తడిసిన వీపు మీద పసుపుపచ్చ వెలుగు జారుతుంటే తెర మీద ఎంత మోహంగా కనబడిందో గాని, ఆ గదిలో ఉన్న ముగ్గురికీ మాత్రం ఒకటే ఆకలి.

ఆమెకు మింగుడుపడనిదల్లా ముగింపు. సినిమా అంతా బెదిరిపోయి తిరిగిన నాయిక, చివర్లో మెట్ల మీద వానలో తడిసి వణుకుతున్న ఆ మనిషిని చూస్తుంది. ఇంతగా తననెవరూ ప్రేమించలేదని గ్రహించి, వెళ్ళి వాణ్ణి కావలించుకుంటుంది. అంతే, కథ ముగుస్తుంది.

“ఇదేంటి మాక్, ఇన్నాళ్ళూ వణికించినవాణ్ణి కావలించుకోవడమేంటి?” అని ఒకసారి అడిగింది.

“భయమే మెల్లిమెల్లిగా మోహంగా మారుతుంది. జనానికి కావాల్సింది అదే,” అన్నాడు మాక్. చెడ్డవాడు కాదు. టీవీ రోజుల్లో ఆమెకు జ్వరమొస్తే ఇంటికొచ్చి వేడి సూపు ఇచ్చి వెళ్ళినవాడు. అందుకని లైసిమ్ ఇంకేమీ అనలేదు.

నార్త్ పాయింట్‌లో ట్రాము నడిమధ్యగా పోయే బజారు వీధిలో షూటింగ్ పెట్టుకున్న రోజున అసలు సంగతి జరిగింది. అనుమతి లేదు. మాక్ కెమెరాని ఒక వ్యానులో పెట్టి, కిటికీకి తెర కట్టి, సందులోంచి తీస్తున్నాడు. లైసిమ్ ఆకుకూరల సంచీ పట్టుకుని మామూలు మనిషిలా నడవాలి. బూడిదరంగు వానకోటు వేసుకుని పాక్‌హే వెంటపడాలి. బజారులో ఎవరికీ చెప్పలేదు, చెబితే అందరూ కెమెరా వైపే చూస్తారని.

ఆ రోజు పాక్‌హేకి ఏం పూనిందో గాని, అద్భుతంగా చేశాడు. ఆమె ముల్లంగి దగ్గర ఆగితే అతను కోడిగుడ్ల దగ్గర ఆగాడు. ఆమె తల తిప్పితే అతను తల దించాడు. కళ్ళు మాత్రం ఆమె మెడని వదల్లేదు. చేపల దుకాణం దాటుతుండగా వెనకనుంచి ఒక గొంతు వినబడింది.

“ఏయ్, బూడిద కోటూ. ఏం చూస్తున్నావ్?”

“చే... చేపలు.”

“చేపలిక్కడుంటే కళ్ళు అక్కడున్నాయేంటి?”

లైసిమ్ తిరిగి చూసేసరికి చేపలావిడ పాక్‌హే కాలర్ పట్టుకుని ఉంది. బజారంతా ఆమెని నాలుగో అక్క అంటారు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, రెండో చేతిలో పొలుసు గీకే కత్తి. టోఫూ అమ్మే ఆవిడ పరుగున వచ్చి అతని కోటు తోక పట్టుకుంది. ఇంకెవరో ఒక బొక్కెనెడు చేపల నీళ్ళు కుమ్మరించారు.

“ముల్లంగి కాణ్ణుంచీ చూస్తున్నా. ఆ పిల్ల ఆగితే ఆగుతాడు, నడిస్తే నడుస్తాడు. ఏం బాబూ, ఆమెకి తోకవా నువ్వు?”

లైసిమ్ పరిగెత్తుకొచ్చింది. “వదలండక్కా, ఈయన నాకు తెలిసినాయనే.”

“తెలిసినవాడే వెంటపడతాడమ్మాయ్. తెలియనివాడికేం పని? నువ్వేం భయపడకు.”

“భయం కాదక్కా, ఇది సినిమా.”

“అలా చెప్పమని బెదిరించాడా?”

“నిజంగానే సినిమా. అదిగో, ఆ వ్యానులో కెమెరా ఉంది.”

అందరూ వ్యాను వైపు చూశారు. సరిగ్గా అప్పుడే వీధి మొగలో పోలీసు కనబడటంతో మాక్ తెర పూర్తిగా మూసేసుకున్నాడు. వ్యాను మీద ‘తాజా సోయా పాలు’ అని రాసి ఉంది. నాలుగో అక్క జాలిగా లైసిమ్ భుజం తట్టింది.

పాక్‌హేకి ఇంక దారి దొరకలేదు. జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా, పట్టుబడ్డ కాలర్‌తోనే, రెండు చేతులూ చెవుల్లా తల మీద పెట్టుకుని, పళ్ళు తోముకోమని చెప్పే కుందేలు పాట ఎత్తుకున్నాడు. టోఫూ ఆవిడ నోరు తెరుచుకుంది.

“అయ్యో, వీడు కుందేలే. మా మనవరాలు వీణ్ణి చూస్తే గాని గంజి తాగదు. సిగ్గు లేదటయ్యా, కుందేలువై ఉండి ఈ పనులా?”

అప్పుడు నమ్మారు. నమ్మాక నవ్వులు మొదలయ్యాయి. ఎవరో తువ్వాలు తెచ్చారు. నాలుగో అక్క లైసిమ్‌కి బల్ల వేసి కూర్చోబెట్టి, “సరే, కథ చెప్పు. వీడు ఇట్లా వెంటపడతాడు. చివరికి ఏమవుతుంది?” అంది.

“చివరికి... వీణ్ణి కావలించుకుంటాను.”

“ఎవరు?”

“నేనే.”

నాలుగో అక్క ఆమె మొహంలోకి చూసి, “తమాషా చేస్తున్నావు,” అని, అలా కాదని తెలిశాక కత్తి బల్ల మీద పెట్టి పొట్ట పట్టుకుని నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. లైసిమ్ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కళ్ళ వెంట నీళ్ళు వచ్చేశాయి. అవి ఆగలేదు. పాక్‌హే కంగారుపడి తన తడి తువ్వాలే ఇచ్చాడు.

సాయంత్రం టీ కొట్లో మాక్‌కి ఎదురుగా కూర్చున్నారు ఇద్దరూ. పాక్‌హే చెవి వెనక ఇంకా ఒక పొలుసు మెరుస్తోంది.

“నన్ను కొడుతుంటే మీరు కెమెరా ఆపలేదా డైరెక్టర్ గారూ?”

“కొట్టలేదుగా, తడిపారు. అయినా రీల్లో ఫిల్ము మిగిలుంది,” అన్నాడు మాక్. “తెర కంతలోంచి మొత్తం తీశాను. లైసిమ్, నువ్వెందుకు ఏడ్చావ్?”

ఆమె టీ గ్లాసు పక్కకి జరిపింది. “నేను బొమ్మల ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో ఒకడు బస్టాపు దగ్గర నిలబడేవాడు. రేడియోలు బాగుచేసే కొట్టువాడు. రోజూ. ఒక్కమాట మాట్లాడేవాడు కాదు. బస్సులో నా వెనకే కూర్చుని జడ చివర పట్టుకునేవాడు. ఫ్యాక్టరీలో పిల్లలంతా, అదృష్టవంతురాలివే, ఎంత ప్రేమోనే అనేవాళ్ళు. అమ్మకి చెబితే, నిలబడ్డాడంతేగా, ఏం చేశాడని అంది. జుట్టు కత్తిరించుకున్నాను. పని మానేశాను. ఇల్లు మారాం.”

“నాకెప్పుడూ చెప్పలేదే.”

“చెబితే నువ్వు కూడా ఏం చేశాడని అడిగేవాడివి. ఇవాళ ఆవిడ అడగలేదు మాక్. నేనెవరో తెలియదు, వాడెవరో తెలియదు. వెళ్ళి కాలర్ పట్టుకుంది. అప్పుడు అలా ఒక్కళ్ళు పట్టుకునుంటే, ఈపాటికి నాకు నడుం దాకా జుట్టుండేది.”

“మన నిర్మాత, లో గారు, ఒప్పుకోరు. కౌగిలి బొమ్మతో పోస్టర్లు కూడా వేయించేశారు,” అన్నాడు మాక్ చెంచాతో టీ తిప్పుతూ, గొంతు తగ్గించి.

“ఆ కౌగిలి నా వల్ల కూడా కాదండీ,” అన్నాడు పాక్‌హే. ఇద్దరూ అతని వైపు తిరిగారు. “ఇన్నాళ్ళుగా వాడి కోటులో తిరుగుతున్నాను కదా, వాడి సంగతి నాకు తెలుసు. ఈమె వచ్చి కావలించుకుందనుకోండి, వాడు మారడు. ఇలా చేస్తే పనవుతుందన్నమాట అనుకుని, రేపు ఇంకొకామె వెంటపడతాడు.”

నిర్మాత అయిన లో గారికి మరునాడు తీసినదంతా వేసి చూపించారు. స్నానం సీనుకి ఆయన తల ఊపాడు. ట్రాము సీనుకి కునికిపాట్లు పడ్డాడు. చేపల నీళ్ళు పడగానే మాత్రం లేచి కూర్చుని, టీ పొలమారి దగ్గి, మళ్ళీ వెయ్యమన్నాడు.

“ఇది పెట్టు. కౌగిలి తీసెయ్. కౌగిలి ప్రతి సినిమాలోనూ ఉంది, చేపల నీళ్ళు ఏ సినిమాలోనూ లేవు.”

“థ్రిల్లర్ చివర జనం నవ్వితే నా పరువేం కాను?” అన్నాడు మాక్ దిగులుగా.

“నవ్వుతారులే, తర్వాత,” అంది లైసిమ్. “ఆ చివర మళ్ళీ తీద్దాం. ముందు నన్ను వెనక్కి తిరగనివ్వు. ఆ తర్వాత వాళ్ళిష్టం.”

అలా మళ్ళీ బజారుకి వెళ్ళారు, ఈసారి అనుమతి తీసుకుని. అదే పెద్ద చిక్కయింది. నాలుగో అక్క జుట్టు ఉంగరాలు తిప్పించుకుని, పెదవులకి ఎర్ర రంగు వేసుకుని, పెళ్ళికి కొన్న పూలజాకెట్టు తొడుక్కుని నిలబడింది. కెమెరా తిరగగానే సరాసరి దానివైపు చూసి చిరునవ్వు నవ్వేది. కాలర్ పట్టుకోమంటే, గాజుసామాను ముట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకునేది.

“మొన్నటిలా పట్టుకోండక్కా,” అని మాక్ బతిమాలాడు.

“మొన్న వాడు దొంగవెధవ. ఇవాళ కుందేలని తెలుసు కదయ్యా. చెయ్యి రావట్లేదు.”

చివరికి లైసిమే మార్గం చూసింది. ముందు తను చేస్తానని, తర్వాత బజారువాళ్ళు ఏం తోస్తే అది చెయ్యొచ్చని అంది. మాటలేం రాసుకోలేదు. నడిచింది. ముల్లంగి దగ్గర ఆగింది. వెనక ఆ అడుగులు కూడా ఆగాయి. అవి పాక్‌హేవని తెలుసు. అయినా ఆమె వీపు బిగుసుకుపోయింది, బస్సులో బిగుసుకున్నట్టే. ట్రాము గంట కొడుతూ వస్తోంది. జనం పట్టాలు ఖాళీ చేసి అటూ ఇటూ జరిగారు. ఆమె సంచీ కింద పెట్టి వెనక్కి తిరిగింది.

“ఏం కావాలి నీకు?”

బజారంతా వినబడింది. ఇంత గొంతు తనకుందని ఆమెకే తెలియదు. పాక్‌హే తెల్లబోయాడు.

“నిన్నే. అడుగుతున్నాను కదా. రోజూ వస్తున్నావు. ఏం కావాలో ఇక్కడ, ఇంతమందిలో చెప్పు.”

ఆమె ఒక అడుగు ముందుకేసింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. అది నటన కాదు. నాలుగో అక్క కెమెరాని మరిచిపోయి, పూలజాకెట్టు చేతులు పైకి మడుస్తూ వచ్చింది. వెనక టోఫూ ఆవిడ వచ్చింది. ఎవరూ పిలవని కూరలవాళ్ళూ వచ్చారు. పాక్‌హే ఇంకో అడుగు వెనక్కి వేసి, తడి నేల మీద జారి, బతికున్న మలుగుపాముచేపల తొట్టిలో కూలబడ్డాడు. అవి కోటు చేతుల్లోంచి దూరి కాలర్‌లోంచి బయటికొస్తుంటే అతను వేసిన కేకకి ట్రాము ఆగిపోయింది. ఆ రెండంతస్తుల ట్రాము పై అంతస్తులోని ప్రయాణికులంతా కిటికీల్లోంచి తలలు పెట్టి చూశారు. మాక్ కళ్ళు తుడుచుకుంటూ “కట్” అన్నాడు. నవ్వుకా ఏడుపుకా అన్నది ఎవరూ అడగలేదు.

సినిమా విడుదలయ్యాక నాలుగో అక్క తన బృందాన్నంతా మ్యాట్నీకి తీసుకొచ్చింది, లైసిమ్‌ని మధ్యలో కూర్చోబెట్టుకుని. స్నానం సీనులో ముందు వరసల కుర్రాళ్ళు ఈలలు వేస్తే, “కళ్ళు మూసుకో అమ్మాయ్, నేను చూసి చెబుతాను,” అని లైసిమ్ కళ్ళకే చెయ్యి అడ్డం పెట్టింది. ట్రాము సీనుకి హాలు కిక్కురుమనలేదు. తెర మీద లైసిమ్ సంచీ కింద పెట్టి తిరిగినప్పుడు, ఎక్కడో వెనకనుంచి ఒక ఆడగొంతు “అడుగు, గట్టిగా అడుగు,” అంది. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. చేపలు కాలర్‌లోంచి రావడం దాకా ఆగలేదు. మాక్ దిగులుపడ్డ నవ్వు కూడా వచ్చింది, చప్పట్లతో కలిసి. కౌగిలి ఏదీ అని బయట పోస్టర్ చూపించి ఒకాయన గొడవపడితే, టోఫూ ఆవిడే సమాధానం చెప్పి పంపించింది.

కొన్ని వారాల తర్వాత లైసిమ్ ట్రాము కోసం నిలబడి ఉండగా, బ్యాంకు యూనిఫారంలో ఉన్న ఒకమ్మాయి పక్కకొచ్చి, పెదవులు కదపకుండా, “అక్కా, మీరు ఆ సినిమాలో ఆమే కదా?” అంది.

“అవునమ్మా.”

“వెనక దీపస్తంభం దగ్గర పసుపు టై కట్టుకున్నవాడు ఉన్నాడా? నాకు తిరిగి చూసే ధైర్యం చాలట్లేదు.”

లైసిమ్ చూసింది. ఉన్నాడు.

“నీ పేరేంటి?”

“ఛింగ్‌వాన్.”

“చెయ్యి పట్టుకో ఛింగ్‌వాన్. ఇద్దరం తిరుగుదాం. మాట నేను మొదలుపెడతాను, ఊపిరి అందితే నువ్వు అందుకో.”

తిరిగారు. లైసిమ్ నోరు తెరిచేలోపే ఆ పిల్ల, “ఏం కావాలి మీకు?” అంది. గొంతు సగంలో కీచుమంది. అయినా స్టాపులో ఉన్నవాళ్ళందరూ పేపర్లు దించి పసుపు టై వైపు చూశారు. సంచీ మోస్తున్న ఒక ముసలాయన నాలుగడుగులు వేసి అతని పక్కకెళ్ళి నిలబడి, సమాధానం కోసం ఎదురుచూస్తున్నట్టు మొహంలోకి చూశాడు. పసుపు టై ఏదో గొణిగి, అప్పుడే వచ్చిన ట్రాము ఎక్కేశాడు.

“అయ్యో, అది డిపోకి వెళ్ళే బండి,” అంది ఛింగ్‌వాన్, నిజంగానే జాలిపడుతూ.

లైసిమ్ పడీపడీ నవ్వింది. ఇద్దరూ రోడ్డు దాటి, కాస్త వెన్న పెట్టించిన వేడి పైనాపిల్ బన్నులు తినడానికి టీ కొట్లోకి వెళ్ళారు.