మంచు కార్ఖానా వెనక మూత

...ఆ మాట అనమని నీళ్ళ శాఖ ఇంజనీరు చెప్పలేదు, పక్కన నిలబడ్డాడంతే. పైవాడు పక్కన నిలబడితే చాలు, నాలుక తోకలా ఊగుతుందని, పేటకు నీళ్ళు వదిలే జెర్లాండోకు యాభై ఎనిమిదేళ్ళకు తెలిసింది. పోయిన నెల పొరుగింటి క్రొచీఫిస్సాను "దొంగ!" అన్నాడు, వీధి వీధంతా వింటుండగా. నీళ్ళు లాగడానికి ఆమె వీధి గొట్టానికి తగిలించుకున్న మోటారును కోసింది కూడా అతని చేతులే. అతని భార్య మంచాన పడ్డ ఏడాది, తన మిద్దె తొట్టిలోంచి నీళ్ళు మోసుకొచ్చి ఆమె ఒళ్ళు తుడిచింది ఆ క్రొచీఫిస్సాయే.

కొండపేటలో పద్దెనిమిది రోజులుగా కుళాయిలు గాలి తప్ప ఏమీ కక్కలేదు. సిసిలీ ఎండకు మిద్దెల మీద తొట్లు పగుళ్ళిచ్చాయి. ఈరోజు మధ్యాహ్నం పేట పేటంతా ఇళ్ళలోంచి కుర్చీలు మోసుకొచ్చి, చౌకులో వాల్వు మూత చుట్టూ కూర్చుంది. ఈరోజు గొట్టంలోకి వచ్చే నీళ్ళను కూడా నాలుగింటికి సముద్రం ఒడ్డు హోటళ్ళకు మళ్ళిస్తారని వాళ్ళకు తెలిసిపోయింది. మళ్ళించనివ్వరు.

జెర్లాండో వాల్వు తిప్పే కడ్డీ భుజాన వేసుకుని గోడవార నిలబడ్డాడు.

రొట్టెలవాడి కూతురు అసుంత టమాటాల పెట్టె ఎక్కింది. కాలేజీలో చదువుతోంది. "డ్యాములో నీళ్ళు లేవంటున్నారు. మరి హోటళ్ళ ఈతకొలనుల్లో ఉన్నదేంటి? దేవదూతల కన్నీళ్ళా?"

"తీర్థం అమ్మా, అందుకే మనల్ని ముట్టనివ్వరు!" అన్నాడు తాపీమేస్త్రీ తూరి. "ఆ కొలనులకు పలకలు అతికించింది ఈ చేతులే. ఈదేది మాత్రం వాళ్ళు!"

"అరిస్తే వాన పడుతుందట్రా? వంతు వచ్చేదాకా ఆగుదాం" అని ఒక ముసలాయన గొణిగాడు.

"ఆగితే వంతు రాదు తాతా, చావొస్తుంది!"

అందరూ నవ్వారు. జెర్లాండో నవ్వలేదు. వాళ్ళు కూర్చున్నది ఉత్త మూత చుట్టూ. వంతు రోజున అతను తిప్పేది దాన్నే గనక అదే అసలుదనుకున్నారు. కింద మంచు కార్ఖానా వెనకున్న వాల్వు కట్టేస్తే పైకి చుక్క ఎక్కదు. ఆ సంగతి ఏ కాగితం మీదా లేదు. ఇదే పని చేసిన తండ్రి చెబితే తనకు తెలుసు, తను చెబితే ఇంజనీరుకు తెలుసు. ఈ మధ్య వంతు రోజుల్లో కింద కట్టేసి వచ్చి కూడా, జనం చూడాలని, ఈ మూత తీసి మూడు చుట్లు తిప్పేవాడు. ఒక్క ఈల మాత్రం వెయ్యలేకపోయాడు. నీళ్ళు వదిలితే మూడు ఈలలు వెయ్యడం తండ్రి నాటి మర్యాద. ఈల వింటే ఆడవాళ్ళు బిందెలతో పరిగెత్తేవారు. చేతులు అబద్ధమాడాయి, పెదవులు ఒప్పుకోలేదు. ఆ పెదవులే "దొంగ" అన్నాయి.

గోడ పక్కనే ఆపిన వ్యానులోంచి ఇంజనీరు అద్దం దించాడు. చల్లగాలి బయటికొచ్చింది. "కూర్చోనియ్యవయ్యా, రేపటిదాకా కూర్చోనీ" అని నవ్వుతూ గుసగుసలాడాడు. "నువ్వెళ్ళి అసలుది తిప్పిరా."

"ఏం జెర్లాండో, ఎండలో నిలబడ్డావేం?" క్రొచీఫిస్సా పిలిచింది.

"వాడెందుకొస్తాడు పిన్నీ, ఇంకా కొయ్యాల్సిన మోటార్లు లేవూ!" అన్నాడు తూరి.

"నోర్ముయ్‌రా. చేతిని తిడితే ఏమొస్తుంది? తలకాయ వ్యానులో కూర్చునుంటే." లేచి వచ్చి గ్లాసు అందించింది. అడుగున రెండు వేళ్ళ మందం నీళ్ళు. "తాగు. మొహం వాడిపోయింది."

తాగాడు. వెచ్చగా, తొట్టి పాచి వాసనతో దిగాయి. మెతుకు కోసమే చేశానని అనుకోబోయాడు. ఆమె తిట్టినా బాగుండేది.

గ్లాసు తిరిగిచ్చి కొండ మెట్లు దిగాడు. వెనక ఎవరో "పో, పో, యజమాని పిలుస్తున్నాడు!" అని అరిచారు.

మంచు కార్ఖానా వెనక ముళ్ళపొదలు, వాటి మధ్య మూత. నాలుగు కావడానికి మూడు నిమిషాలు. పింఛనుకు ఐదు నెలలు. కడ్డీ కొనను మూత కన్నంలో పెట్టాడు. మూత ఎత్తాడు. కింద గొట్టంలో నీళ్ళు గుర్రుమంటూ కొండ పైకి వెళ్ళాలని చూస్తున్నాయి. తను తిప్పకపోతే సాయంత్రానికి పేటకు చేరతాయి. తిప్పకపోతే ఇంజనీరు ఇంకొకణ్ణి తెస్తాడు. ఒక్కడు ఎంతసేపు కాపలా కాస్తాడు?

వాల్వు తిప్పకుండానే మూత మళ్ళీ మూసి, కడ్డీ ఒళ్ళో పెట్టుకుని ఆ మూత మీదే కూర్చున్నాడు. ఎండకు కాలిన ఇనుము చురుక్కుమంది. ఎండిన పెదవులు నాలుకతో తడుపుకున్నాడు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, పైన చౌకులో వినపడేలా, మూడు ఈలలు వేశాడు.