ధ్వజాయంలోకి జరిగిన గోడ

నేను ఒక గోడ ప్యానెల్‌ను. ఎత్తు తొమ్మిది అడుగులు, వెడల్పు రెండు అడుగులు, మందం నూట ఇరవై మిల్లీమీటర్లు. గొప్పకు చెప్పుకోవడం లేదు. నా జీవితంలో జరిగిన మంచీ చెడూ కొలతల వల్లే జరిగాయి కనుక వాటితోనే మొదలుపెట్టాను.

నన్ను చూసినవారు కాంక్రీటు అనుకుంటారు. అది సగమే నిజం. సిమెంటు, విద్యుత్ కేంద్రం వదిలేసిన బూడిద, వాటిలో ఆవగింజలంతటి తెల్లని థర్మోకోల్ పూసలు, ఈ ముద్దకు రెండు వైపులా రెండు సిమెంటు అట్టలు: ఇదీ నేను. ఒక్కో పూసలో ఉన్నది దాదాపు అంతా గాలే. అంటే నాలో సగానికి పైగా బయటికి దారి లేని గాలి. అందుకే తేలికగా ఉంటాను. ఇటుకగోడ బరువులో మూడో వంతు కూడా ఉండనని అమ్మేవాళ్లు మురిసిపోతూ చెప్పేవారు. లోపల బందీగా ఉన్నదాని సంగతి ఏ కరపత్రంలోనూ లేదు.

అనకాపల్లి దాటాక ఒక రేకుల షెడ్డులో పుట్టాను. అచ్చులోంచి తీసి మూడు వారాలు నీడన ఆరబెట్టి, నా తోటివాళ్లతో కలిపి లారీ ఎక్కించారు. దిగింది విశాఖపట్నం శివారు మధురవాడలో, కొండవాలున లేస్తున్న ఒక అపార్టుమెంటు దగ్గర. మూడో అంతస్తులో 303, 304 నంబర్ల ఇళ్ల మధ్య గోడలో, మూల నుంచి రెండో ప్యానెల్‌గా నా స్థానం.

ఆ గోడను గీసినది సుచరిత అనే ఇంజనీరు. ముప్పై ఏళ్లు నిండని మనిషి, పెన్సిలు చెవిమీద పెట్టుకుని మరిచిపోయేది. ఒకే ఇంటిలో గదుల మధ్య డెబ్బై అయిదు మిల్లీమీటర్ల మందం చాలు, రెండు ఇళ్ల మధ్య మాత్రం నూట ఇరవై ఉండాలని పట్టుబట్టింది. "పక్కింటివాళ్ల గురక మనకెందుకు సార్?" అని మేనేజరుతో వాదించి గెలిచింది. గోడ సరిగ్గా దూలం నడిమిన రావాలని, స్నానాల గది తలుపు చౌకట్టుకూ నాకూ మధ్య జానెడు గట్టి దిమ్మ ఉండాలని గీసింది. ఆ కాగితం మీద నేను ఎంత అందంగా ఉన్నానో! మనుషులకు కూడా అంతేనేమో, పుట్టకముందు గీసిన గీతలోనే అందం ఎక్కువ.

304ను కొన్నది భానోజీరావు. పాలిటెక్నిక్‌లో గణితం బోధిస్తాడు. తెల్లచొక్కా జేబులో రెండు కలాలు, చేతిలో ఎప్పుడూ టేపు. నన్ను నిలబెట్టడానికి వారం ముందు ఆయన నేలమీది గీతల ప్రకారం తన పడకగదిని కొలిచి, ఒక సిద్ధాంతిగారికి చూపించాడు. పది అడుగులు, పదకొండు అడుగులు. గుణిస్తే నూట పది. దాన్ని తొమ్మిదితో గుణించి, వచ్చినదాన్ని ఎనిమిదితో భాగించగా మిగిలినది ఆరు. ఆ శేషాన్నే ఆయం అంటారు; ఆరు వస్తే అది గర్దభాయం. గాడిద ఆయమున్న గదిలో నిద్రించేవాడికి జీవితమంతా పరుల బరువు మోయడమేనట. గోడను పక్కింటి వైపు మూడు అంగుళాల ఆరు పదోవంతులు జరిపితే లబ్ధం నూట పదమూడై, శేషం ఒకటి వస్తుంది. అది ధ్వజాయం. ఆ గదిలో పడుకున్నవాడి కీర్తి జెండాలా ఎగురుతుంది.

తొమ్మిదితో గుణించి ఎనిమిదితో భాగిస్తే వచ్చే శేషం, అసలు గుణించకుండా భాగించినా అదే వస్తుంది. ఇది తొమ్మిదో తరగతి పిల్లలకు తెలిసిన సంగతి. భానోజీరావు వాళ్ల పెద్దన్నలకు పాఠం చెబుతాడు. అయినా ఆ గుణకారం దగ్గర ఆయన చేతులు జోడించాడు.

సుచరిత సెలవులో ఉన్న వారమది. మేనేజరు "కొన్నాయన మాట వినాలి కదా" అన్నాడు. నన్ను నిలబెట్టవలసిన మేస్త్రి పైడయ్య నేలమీద సున్నపు గీత దగ్గర గొంతు కూర్చుని, తలెత్తి దూలాన్ని చూశాడు.

"ఏటి బాబూ, డ్రాయింగులో గీత ఇక్కడుంటే తమరు అక్కడ నిలబెట్టమంటన్నారు. తల దూలం దాటి బయటికొచ్చెస్తది. అవతలింటి తలుపు చౌకట్టు పక్కన దిమ్మకి జాగా ఉండదు. చౌకట్టు మరలు ఈ ప్యానెలుకే కొట్టాల."

"కొట్టు," అన్నాడు మేనేజరు.

"ఉత్తినే కొడితే పట్టవు బాబూ. ఇది ఒళ్లంతా గుల్ల. ఆ చోట పూసలు గోకి తీసి, గట్టి సిమెంటు కూరి, రెండ్రోజులు ఆరనిచ్చి కొట్టాల."

"ఎల్లుండి భానోజీరావుగారి గృహప్రవేశం. ఈ గోడకి రేపటి నుంచి చెయ్యి పెట్టకూడదు. ఇప్పుడే కొట్టెయ్యి."

పైడయ్య కొట్టాడు. ఆరు మరలు నా పక్కలోకి దిగాయి. నేను వాటిని పట్టుకోవడానికి ప్రయత్నించాను. గాలితో ఏం పట్టుకుంటాం?

ఆ విధంగా నా తలలో మూడో వంతు దూలం అంచు దాటి బయటికి పొడుచుకొచ్చింది. ఆ సందులో సిమెంటుకు బదులు థర్మోకోల్ ముక్కలు కూరి, పైన మెరుగుపూత పూశారు. పక్కింటి స్నానాల గది నాలుగు అడుగుల నుంచి మూడు అడుగుల ఎనిమిది అంగుళాలకు కుదించుకుపోయింది. అది ఏ ఆయంలో పడిందో ఎవరూ లెక్క వేయలేదు.

ఇక జీవితాంతం నిలబడటమే. నిలబడటం స్వేచ్ఛ అనుకునేవాళ్లు ఒకసారి రెండు సంసారాల మధ్య నిలబడి చూడాలి. కాలు కదపలేను. చెవులు మూయలేను. ఇటు మాటకు అటు ముఖం తిప్పలేను.

303లోకి ఎస్తేరు వచ్చింది. ఒక రక్తపరీక్షల కేంద్రంలో టెక్నీషియను, నలభై ఎనిమిదేళ్లు, ఒక్కతే ఉంటుంది. పదేళ్లుగా చక్కెర వ్యాధి, రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ సూది. వచ్చిన నెలకే స్నానాల గది చిన్నదిగా ఉందని టేపు పెట్టి కొలిచింది. అసోసియేషన్ సమావేశంలో లేచి, "మా ఇంట్లో మూడున్నర అంగుళాలు సారుగారి ఇంట్లో కాపురం ఉంటున్నాయి. అద్దె అయినా ఇప్పించండి" అంది. అందరూ నవ్వారు. భానోజీరావు నవ్వలేదు. ఆ రాత్రే డ్రాయింగు నకలు తెప్పించుకుని, గోడ బిల్డరు కట్టిందే తప్ప తన ప్రమేయం లేదని నిరూపించడానికి అందులోని ప్రతి గీతా, ప్రతి పైపూ బట్టీ పట్టాడు.

అప్పటి నుంచి ఆ రెండిళ్ల మధ్య మాటలు లేవు. నా మీద దెబ్బలే. భానోజీరావు పడకగదిలోని టీవీ పెద్దగా పెడితే, ఎస్తేరు స్నానాల గదిలోంచి నన్ను మూడుసార్లు కొట్టేది. మూడే. నాలుగోది ఎన్నడూ లేదు. ఆయన జవాబుగా శబ్దం రెండు గీతలు పెంచేవాడు. ఇది ఏడాదిన్నర సాగింది. మనుషులు భాషను కనిపెట్టి ఇన్ని వేల ఏళ్లయినా, చివరికి గోడను కొట్టి మాట్లాడుకోవడం నాకు వింతగా ఉండేది.

నా పక్కలోని మరలు నెలనెలా కాస్త కాస్త వదులవుతున్నాయి. చౌకట్టు పక్కకు ఒరుగుతోంది. తలుపు అడుగు నేలకు గీరుకుంటోంది. ఎందుకో తెలిసినది నాకొక్కదానికే.

ఒక శనివారం మధ్యాహ్నం. కుక్కరులో అన్నం సిద్ధంగా ఉంది. ఎస్తేరు సూది వేసుకుంది. వేసుకున్న అరగంటలోపు తినాలి, లేకపోతే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది. తినబోయే ముందు చేతులు కడుక్కోవడానికి స్నానాల గదిలోకి వచ్చింది. కొండగాలికి తలుపు వెనకనుంచి ధడాలున మూసుకుని, ఒరిగిన చౌకట్టులో మేకులా దిగబడింది. లోపలికి తెరుచుకునే తలుపు. ఆమె పిడి పట్టుకుని లాగింది. మళ్లీ లాగింది. మూడోసారి పిడి ఊడి చేతిలోకి వచ్చింది.

ఫోను వంటగదిలో. వీధితలుపు ఇనుపది, లోపల గడియ వేసి ఉంది. వారానికోసారి చూడటానికి వచ్చే నర్సు స్నేహితురాలు మళ్లీ వచ్చేది సోమవారం. ఎస్తేరు ఇదంతా పైకే లెక్క వేసుకుంది, రక్తం నమూనాలు లెక్కపెట్టినంత నెమ్మదిగా. తర్వాత పిడితో నన్ను కొట్టడం మొదలుపెట్టింది.

ఇవతల భానోజీరావు భార్య సుభాషిణితో కలిసి టీవీ చూస్తున్నాడు. మొదటి మూడు దెబ్బలకు చేయి చాచి శబ్దం రెండు గీతలు పెంచాడు.

నాకు నోరు ఉంటే అరిచేదాన్ని. నా ఒక ముఖం మీద ఒక మనిషి ప్రాణం కొట్టుకుంటోంది, రెండో ముఖం మీద టీవీ నీడలు ఆడుతున్నాయి, మధ్యలో ఉన్నది నూట ఇరవై మిల్లీమీటర్లు. ఆమె వేలి ముద్రలలోని చెమట నాకు తెలుస్తోంది. చెమట చల్లగా ఉంది. అది మంచిది కాదని ఆమే ఎవరితోనో ఫోనులో చెప్పగా ఒకసారి విన్నాను.

"ఏమండీ, వింటున్నారా?" అంది సుభాషిణి.

"వింటున్నాను. అందుకే పెంచాను."

"ఆవిడ మూడుకే ఆపేస్తుంది కదా. నేను లెక్కపెడుతున్నాను. ఇవి ఇరవై రెండు."

"కోపం ఎక్కువై ఉంటుంది."

"కోపంతో కొట్టే దెబ్బ గట్టిగా మొదలై గట్టిగానే ఉంటుంది. ఇవి తగ్గిపోతున్నాయి. లెక్కల మాస్టారు మీరా, నేనా? ముందు ఆ టీవీ కట్టండి!"

ఆయన కట్టలేదు. ఆమె లేచి వచ్చి చెవి నాకు ఆనించింది. నా తల దగ్గర థర్మోకోల్ కూరిన సందులోంచి, వాళ్ల తప్పుడు కొలత వదిలేసిన ఆ సందులోంచే, ఒక మాట సన్నగా ఇవతలికి వచ్చింది.

"పంచదార..."

సుభాషిణి ముందు 303 తలుపు దగ్గరకు పరుగెత్తింది. ఆమె కేకలకు వచ్చిన వాచ్‌మన్ గునపంతో పొడిచాడు. ఇనుప తలుపు కదలలేదు. ఎదుటి బ్లాకులో ఇంకా ప్యానెళ్లు నిలబెడుతున్న పైడయ్యను సుభాషిణి బాల్కనీలోంచి కేకేసి పిలిచింది. అతను కోతమిషను భుజాన వేసుకుని మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు, రొప్పుతూ గోడ ముందు నిలబడ్డాడు.

"ఆ ఇనప తలుపు తియ్యడానికి గంటవుద్ది. తర్వాత ఇరుక్కున్న తలుపొకటి. ఇదైతే పది నిమిషాలు. కొయ్యమంటారా బాబూ?"

భానోజీరావు మంచం పక్కన నిలబడి నా వైపు చూశాడు. ఆ గోడకు మేకు కూడా కొట్టకూడదని సిద్ధాంతిగారి మాట. కొడితే ధ్వజాయం భంగం.

"ఏటి ఆలోచిస్తన్నారు? ఆ గోడ పోతే ఇంకోటి నిలబెడతాను. ఆయమ్మ పోతే ఎవుల్ని నిలబెడతారు?"

అటు నుంచి దెబ్బలు ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దం వినగానే భానోజీరావు మంచాన్ని ఒక్కడే ఈడ్చేశాడు. పైడయ్య మిషను ఎత్తబోయేసరికి చేయి పట్టుకున్నాడు.

"అక్కడ కాదు! మూల నుంచి మూడడుగుల దగ్గర నీళ్ల పైపు పైనుంచి నిలువుగా దిగి, నేలకు రెండడుగుల ఎత్తున అడ్డంగా తిరుగుతుంది. ఇదిగో, దీని కింద కొయ్యి." జేబులోంచి కలం తీసి నా మీద సూటిగా నాలుగు గీతలు గీశాడు. ఆమెతో పోట్లాడటానికి బట్టీ పట్టిన డ్రాయింగు అది.

"అక్కా, కమోడు వైపు జరగండి! మేం వస్తున్నాం!" అని అరిచింది సుభాషిణి.

కోత మొదలైంది. నొప్పి అని అనను. నాకు నరాలు లేవు, లేనివాటి గురించి చెప్పడం నా అలవాటు కాదు. జరిగినది ఇంతే: అన్నాళ్లుగా నాలో మూసి ఉన్న పూసలు వేలకొద్దీ తెగి, తెల్లని ధూళిగా గదంతా పరుచుకున్నాయి. ముక్క అటు పడగానే సుభాషిణి పంచదార నీళ్ల గ్లాసుతో ఆ కన్నంలోంచి పాక్కుంటూ దూరింది. ఎస్తేరు గోడకు చేరగిలబడి ఉంది, కళ్లు సగం మూసి. రెండు గుక్కలు మింగింది. మరో రెండు. కొంతసేపటికి కళ్లు తెరిచి, కన్నంలోంచి తొంగి చూస్తున్న తెల్లటి ధూళి ముఖాన్ని గుర్తుపట్టింది.

"సార్," అంది, "ఆ టీవీ... ఇంకా మోగుతోంది."

భానోజీరావు వెళ్లి కట్టేశాడు.

నాలుగు రోజుల తర్వాత సుచరిత వచ్చింది. నిచ్చెన ఎక్కి నా తల చూసి, టేపుతో కొలిచి, దిగి వచ్చింది. తర్వాత గోడ మొత్తం తీసి దూలం కిందికి జరపాలని, రెండిళ్లవాళ్లూ సంతకం పెట్టాలని చెప్పింది. ఎస్తేరు వెంటనే పెట్టింది. భానోజీరావు కాగితం వెనక ఏదో గుణించి, భాగించి, కొట్టేశాడు.

"మళ్లీ ఏం లెక్క?" అంది సుభాషిణి.

"తొమ్మిదితో గుణించకపోయినా శేషం అదే వస్తుంది."

"ఇరవై ఆరేళ్లుగా చెబుతున్నారు కదా పాఠాలు. ఇప్పుడు తెలిసిందా?"

"తెలుసు," అన్నాడాయన. "వేసి చూడలేదు."

సంతకం పెట్టాడు. గాడిద ఆయంలోకి తిరిగి వెళ్లాడు. మంచం ఏ దిక్కున ఉండాలో మాత్రం మళ్లీ సిద్ధాంతిగారినే అడిగాడని విన్నాను. మనిషి ఒక్కరోజులో ఎంత దూరం నడుస్తాడో అంతే నడుస్తాడు.

కొత్త గోడ దూలం కింద నిలబడింది. ఈసారి పైడయ్య చౌకట్టు పక్కన గట్టి దిమ్మ కట్టి, రెండు రోజులు ఆరబెట్టి, అప్పుడే మరలు బిగించాడు. నన్ను నలుగురు మోసుకెళ్లి ఎదుటి బ్లాకు వెనక చెత్తకుప్ప మీద పడుకోబెట్టారు. జీవితంలో మొదటిసారి పడుకున్నాను. నాలో కోసిన చతురస్రంలోంచి ఇప్పుడు అవతలి గడ్డి కనిపిస్తోంది. పైడయ్య మధ్యాహ్నాలు నా మీద కూర్చుని అన్నం తింటాడు.

చౌకట్టు లాగినప్పుడు ఆరు మరలలో నాలుగు ఊడి వచ్చాయి. రెండు నాలోనే ఉండిపోయాయి. రెండు వానాకాలాలు గడిచాయి. నీళ్లు దిగి, తుప్పు పట్టి, ఉబ్బి, అవి నా ఒంటికి అతుక్కుపోయాయి. మొన్న ఎవరో ఇనుము ఏరుకునేవాడు పట్టకారుతో లాగి లాగి విసిగి వెళ్లిపోయాడు. ఇప్పుడు వాటిని గట్టిగా పట్టుకున్నాను. వాటికి బిగించి ఉన్న తలుపు మాత్రం లేదు.