వసపిట్ట గొంతు

సాయంత్రం కుట్టుషాపు షట్టరు పడగానే వసపిట్ట తిన్నగా సిస్టర్ల ఇంటికి వెళ్ళేది. చావు దగ్గరపడి, అయినవాళ్ళెవరూ లేనివాళ్ళని చేర్చుకునే ఇల్లది. దుప్పట్లు మార్చేది, ఒళ్ళు తుడిచేది, చెంచాతో పాలు పట్టేది, పనంతా చేస్తూనే ఊపిరి తీసుకోకుండా కబుర్లు చెప్పేది. ఆ పేరు ఊరికే రాలేదు మరి.

ఆ ఇంటికో నియమం ఉంది. అక్కడ ఎవరూ నిశ్శబ్దంలో పోకూడదు. అందుకని సిస్టర్లు వేరే పని మీద లేచేటప్పుడు మంచం పక్కన గొంతు వదిలి వెళ్ళేవారు. పెద్ద సిస్టరు వంటింట్లో మూగగా గిన్నెలు తోముతుంటే, ఆవిడ గొంతు వార్డులో ఎవరో ముసలాయనకి జపం చెబుతూ ఉండేది. ఆయన కన్నుమూశాక దానంతటదే తిరిగొచ్చేది. మధ్యలో అవసరం పడితే ఒక్క దగ్గు దగ్గితే చాలు, వచ్చేసేది. డాక్టరుగారు కూడా ఆ గొంతుకి అడ్డం రాకుండా మంచానికి అటువైపు నుంచే నాడి చూసేవారు.

సిస్టర్లవుతామని వచ్చే పిల్లలు తగ్గిపోయారు. ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ఆ మంచాల మీదే వెళ్ళిపోయారు. మిగిలిన పెద్ద సిస్టరు, సంసారాలున్నవాళ్ళని పనిలోకి పిలిచింది. వసపిట్టా, రిటైరైన కండక్టరూ, ఇంకా కొందరూ చాపెల్లో కొవ్వొత్తి ముందు నిలబడి, ఈ ఇంటి పని ఇకమీద మాది కూడా అని మాటిచ్చారు. పనులన్నీ పట్టుబడ్డాయి, గొంతు వదలడం తప్ప. కండక్టరు గొంతు అతికష్టం మీద కాసేపు నిలిచి, ఆయన గేటు దాటేలోపే "హోల్డాన్, హోల్డాన్" అంటూ వెనకాల పరిగెత్తుకొచ్చేది. వసపిట్టది ఆమాత్రం కూడా నిలవలేదు. జపం సిస్టర్లలాగే, అదే రాగంలో చెప్పి చూసింది. అయినా ఆమె లేస్తే గొంతూ లేచేది.

లేవదూ? ఇంటి దగ్గర దానికోసం ఎదురుచూసే మనిషున్నాడు. వెల్డింగులో కళ్ళు పోగొట్టుకున్న మొగుడు. ఆమె కబుర్లతోనే అతను వీధిని చూసేవాడు. బేకరీవాడు గోడలకి పచ్చరంగు వేయించాడనీ, ఎదురింటి కుక్క మెట్ల కింద పిల్లల్ని పెట్టిందనీ ఆమె చెప్పుకుపోతుంటే చెవులప్పగించి వినేవాడు. చివర్లో రోజూ ఒకటే అడిగేవాడు, సిస్టర్ల గేటు తీసే ఉందా అని. నువ్వు ముందు పోతే నాకు ఆ ఇల్లే గతి అనేవాడు. తీసే ఉందండీ, అనేది ఆమె.

ఆ గేటు మూయమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. రోగుల్ని తలా ఓ ఆస్పత్రికి పంపేశారు. అప్పటికే మంచం పట్టిన పెద్ద సిస్టర్ని దూరాన, భాష తెలియని చోట ఉన్న వృద్ధ సిస్టర్ల ఆశ్రమానికి తీసుకెళ్తామన్నారు. అందరి పక్కనా కూర్చున్న మనిషి, అర్థంకాని మాటల మధ్య ఒంటరిగా పోవాలన్నమాట. వసపిట్ట మాత్రం ఏం చెయ్యగలదు?

వ్యాను వచ్చిన రోజు స్ట్రెచర్ పక్కన కూర్చుని జపం మొదలుపెట్టింది.

"నా జపం నాకే చెబుతావేంటే?" అంది పెద్ద సిస్టరు నీరసంగా. "మీ ఆయనకి చెప్పేవి చెప్పు."

ఆమె బేకరీ సంగతి ఎత్తుకుంది. అక్కణ్ణుంచి కుక్క దగ్గరికి వచ్చింది. డ్రైవరు తొందరపెడితే లేచి నిలబడింది. గొంతు మాత్రం లేవలేదు. స్ట్రెచర్ పక్కన కూర్చున్నంత ఎత్తులోనే ఉండి, కుక్కపిల్లల రంగులు చెబుతోంది. సిస్టరు కళ్ళు మూసుకుని నవ్వుతోంది. ఒక్క దగ్గు చాలు, తిరిగొచ్చేసేది. వాకిట్లో చెవులు రిక్కించి కూర్చునే మొగుడు కళ్ళముందు మెదిలాడు. వ్యాను తలుపు వేసేదాకా వసపిట్ట చేత్తో నోరు గట్టిగా మూసుకుంది.

ఇంటికొచ్చింది. "ఎవరది?" అన్నాడు మొగుడు. ఆమె వెళ్ళి చెయ్యి పట్టుకుంది. సూది గుచ్చి గుచ్చి కాయ కాసిన వేలు తడిమి గుర్తుపట్టాడు.

"నువ్వేనా? మాట్లాడవేం?"

ఆ చేతిలో మొహం పెట్టుకుని ఆమె చప్పుడు లేకుండా ఏడ్చింది.

కండక్టరు వచ్చి, గేటు మూసిన మాట ఒక్కటీ దాచి, సంగతంతా చెప్పాడు. ఆవిడ పోయాక వచ్చేస్తుందిగా, అన్నాడు మొగుడు. అని, నాలుక కరుచుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఇద్దరూ ఒక మంచి మనిషి చావు కోసం ఎదురుచూశారు. ఆ సిగ్గు ఇద్దరికీ ఉంది.

కబురు వచ్చింది. సిస్టరు నవ్వుతూనే వెళ్ళిపోయిందట. గొంతు మాత్రం రాలేదు. పక్క మంచం మీద ఇంకో ముసలి సిస్టరు ఉంది, ఆవిడ పక్కన ఇంకొకావిడ. భాష తెలియకపోయినా వింటున్నారు. కండక్టరు ఫోన్లో ఆ గొంతుని వచ్చెయ్యమని బతిమాలాడు. వసపిట్ట అదే ఫోన్లో దగ్గి చూసింది, గొంతు నెప్పి పుట్టేదాకా దగ్గింది. అంత దూరం వినపడలేదో, వినపడినా లేవబుద్ధి కాలేదో.

ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి కండక్టరు వచ్చి ఆ ఆశ్రమానికి ఫోను కలుపుతాడు. అక్కడి నర్సు ఫోను తీసుకెళ్ళి మంచం పక్కన పెడుతుంది. మొగుడు చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. వసపిట్ట పక్కనే కూర్చుని బొత్తాలు కుడుతుంది. ఆ గొంతుకి తెలిసింది ఆనాటి వీధే. బేకరీ ఎత్తేశారు. కుక్క లారీ కింద పడి చచ్చింది. సిస్టర్ల గేటుకి గొలుసు చుట్టి తాళం వేస్తే అదీ తుప్పు పట్టింది. ఇంకెన్నాళ్ళు దాస్తాం, నేను చెప్పేస్తానమ్మా అని కండక్టరు ఓసారి నోరు తెరిస్తే, ఆమె సూదితో సహా ఆయన మణికట్టు పట్టుకుని ఆపేసింది.

"గేటు తీసే ఉందటే," అన్నాడు మొగుడు ఫోను దించి, ఆమెకి తెలియని సంగతేదో చెబుతున్నట్టు.

అవునన్నట్టు ఆమె అతని చెయ్యి నొక్కింది.